కోపానికి పది శాతం

సలొంగో జింబె రాసిచ్చే ప్రతి అంచనా కాగితంలోనూ అట్టడుగున ఒక పద్దు ఉండేది: "కోపం – పది శాతం." పైనున్న పద్దులు ఇంటింటికీ మారేవి. ఒకరికి పచ్చిక, ఒకరికి తాటిచెట్ల వరస, మరొకరికి రాతిబాట. కాంపాలా కొండల మీద ఎవరి ఇంటి ముందు తోట వేసినా ఆ ఆఖరి పద్దు మాత్రం మారేది కాదు, తగ్గేది కాదు, ఎవరెంత ప్రాధేయపడినా చెరిగేది కాదు.

"కోపమా? ఎవరి కోపం?" అని కొత్తవాళ్లు అడిగేవారు.

"నాదే. మీ ఇంట్లో పని జరిగినన్నాళ్లూ నాకు వస్తుంది. తెప్పించేది మీరు. అందుకని ఖర్చు మీది" అనేవాడు జింబె.

మనిషి అయిదడుగుల రెండంగుళాలు. గొంతు మాత్రం కొండకి ఇవతలివైపు అరిస్తే అవతలివైపు కుక్కలు లేచి నిలబడేంత. కవలల తండ్రి గనక అందరూ ఆయన్ని సలొంగో అనే పిలిచేవారు. ఆ కవలలు పుట్టగానే ఏడవలేదనీ, తండ్రి వరండాలో నర్సును తిడుతుంటే శ్రద్ధగా వింటూ ఉండిపోయారనీ మేస్త్రీ ఓచెన్ ఒట్టేసి చెప్పేవాడు.

ఆయన దగ్గర ప్లాన్లు గీసే అమ్మాయి నట్టెంబో. ఇరవై నాలుగేళ్లు, సన్నటి పెన్సిలు, అంతకన్నా సన్నటి ఓర్పు. అన్యాయం ఎక్కడ కనిపించినా ఆమెకు ఒంటికి కారం రాసినట్టుండేది. చేరిన మొదటిరోజే ఆ ఆఖరి పద్దు చూసి భగ్గుమంది.

"చెయ్యని పనికి డబ్బు తీసుకోవడం ఏం న్యాయం సలొంగో?"

"చెయ్యకపోవడమేమిటి? రోజూ చేస్తూనే ఉన్నాగా. నీకు వినబడటం లేదా?"

"అరవడం పనా?"

"నువ్వు గీతలు గియ్యి పిల్లా. అరుపుల సంగతి నాకొదిలెయ్."

ఆమె గీతలు గీసింది. కాని ఆ పద్దును టైపు చేసిన ప్రతిసారీ మీటల మీద వేళ్లతో కాక పిడికిలితో కొట్టినట్టు కొట్టేది.

కోపానికి కారణాలు వెతుక్కోవలసిన అవసరం జింబెకు ఏనాడూ రాలేదు. డబ్బున్నవాళ్లే వాటిని ఇంటికి పిలిచి మరీ చూపించేవారు. ఒకసారి బ్యాంకు అధికారి భార్య ఏదో విదేశీ పత్రికలోంచి కత్తిరించిన ఫోటో తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"అచ్చం ఇలాగే కావాలి సలొంగో. ఒక్క ఆకు కూడా తేడా రాకూడదు."

జింబె ఫోటోను ఎండకేసి పట్టుకు చూశాడు. "అమ్మా, ఈ చెట్ల మీద తెల్లగా ఉన్నదేమిటి?"

"మంచు."

"నట్టెంబో, మంచు అని రాసుకో. లారీ ఎంతో కనుక్కో. మన ఎండకి పొద్దున ఒక లారీ, మధ్యాహ్నం రెండు పడతాయి. రాత్రి సెలవు. ఏడాదికి ఎన్నవుతాయో గుణించు."

"వెటకారమా?" అందామె మొహం ఎర్రబడి.

"కాదమ్మా, కోపమే. పది శాతంలోకి వచ్చేస్తుంది. విడిగా తీసుకోను." ఆ పైన అరగంటసేపు ఆయన అరిచిన అరుపులకు ఆ ఇంటి కాపలావాడు గేటు తెరిచి, ఎందుకైనా మంచిదని బయట నిలబడ్డాడు.

ఖర్చు విషయంలో ఆయనకు ఒకటే పట్టుదల. తోటకు నూరు షిల్లింగులు పెట్టదలచుకుంటే నలభై మట్టిలోకి పోవాలి: వాననీటి కాలువ, నల్లమట్టి, ఎరువు. ఇంకో పదిహేను మొదటి ఏడాది పోషణకు పక్కన పెట్టుకోవాలి. మిగిలిన దానితోనే కంటికి కనబడే సోకులు. ఇది విన్న ప్రతివాడి మొహమూ ఒకేలా మాడిపోయేది. భూమి కింద పెట్టిన డబ్బును చుట్టాలకు చూపించలేం కదా! ఒక టైర్ల వ్యాపారి అయితే కాలువ మొత్తం కొట్టేసి, ఆ డబ్బుతో మూడంతస్తుల ఫౌంటెన్ పెట్టించమన్నాడు.

"పెట్టిద్దాం. మొదటి వానకి అది జారి కిందింటివాళ్ల వంటగదిలో పడుతుంది. నీళ్లు అక్కడ చిమ్ముతుంది. చూడాలనిపించినప్పుడల్లా మీరు వాళ్లింటికి భోజనానికి వెళ్లండి" అన్నాడు జింబె.

బేరం ఆడనివాళ్లు లేరు. మెంగోలో ఒక పిల్లల డాక్టరు, చాలా మర్యాదస్థుడు, కళ్లజోడు సర్దుకుంటూ, "సలొంగో, నాకు రక్తపోటు ఉంది. మీరు అరవకండి, ఈ పది శాతాన్ని అయిదు చేయండి" అన్నాడు.

"అయిదు శాతానికి గొణుగుతాను డాక్టరుగారూ. నెల పొడుగునా గొణుగుతాను. తట్టుకోగలరా?"

డాక్టరు ఒకసారి ఆలోచించుకుని పది శాతానికే సంతకం పెట్టాడు.

ఆయన ఓడిపోయినంత పని అయింది ఒక్కచోటే. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ప్రతిదానికీ సరేనన్నాడు. ముందు కాలువ అంటే సరే. ఊళ్లో పెరిగే మొక్కలే అంటే సరే. పోషణ డబ్బు అడగకముందే కవరులో పెట్టి ఉంచాడు. పదకొండు రోజులు జింబె నోరు మెదపలేదు. తిండి తగ్గింది. మొహం పీక్కుపోయింది. పన్నెండోరోజు తోట అప్పగిస్తూ ఒక్కసారి పేలిపోయాడు.

"ఏమయ్యా మాస్టారూ! ఇంత తోటలో నేను అరవడానికి ఒక్క మూల కూడా మిగల్చలేదే! ఇదేం పద్ధతి?"

మాస్టారు నవ్వి పది శాతమూ లెక్కపెట్టి ఇచ్చాడు. జింబె ఆ సాయంత్రం రెండు పళ్లేల మటోకె అరటిముద్ద వేరుశనగ పులుసుతో తిని తేరుకున్నాడు.

ఇలా సాగుతుండగా సెప్టెంబరులో బుజిగా కొండ మీది కతెరెగ్గ అనే ఆసామి నుంచి పిలుపు వచ్చింది. గచ్చు పలకలు దిగుమతి చేసే వ్యాపారి. రెండంతస్తుల ఇల్లు, ముందు ఎనిమిది స్తంభాలు. అందులో నాలుగు దేన్నీ మొయ్యడం లేదు. డిసెంబరు రెండో వారంలో కూతురి క్వాంజులా, పెళ్లి మాటల వేడుక. పెళ్లికొడుకు తరపువాళ్లు కానుకలు పట్టుకుని మూడు వందలమంది వస్తారు. వాళ్లు కాలు పెట్టేనాటికి ఇంటి చుట్టూ పచ్చటి తివాచీ పరిచినట్టుండాలి.

ఇంటికి తూర్పున, అందరూ జాజా, అంటే అవ్వ, అని పిలిచే యునియా నేల. రెండు గదుల మట్టిల్లు, అరటిపొద, కొన్ని కాఫీ చెట్లు, భర్త సమాధి. ఆ నేలకూ కతెరెగ్గ నేలకూ మధ్య నిలువెత్తు లువాన్యి మొక్కల వరస. జాజా యునియా పెళ్లయిన ఏడాది భర్త పాతినది అది. లువాన్యి పాతి ఉందంటే అక్కడితో ఒకరి నేల ముగిసి ఇంకొకరిది మొదలైందని అర్థం. పాలుతాగే పిల్లలకు తప్ప బుగాండాలో ఆ సంగతి తెలియనివాళ్లుండరు. హద్దురాళ్లు జరుగుతాయి, కంచెలు చెదలు పడతాయి. లువాన్యి మాత్రం చావదు. నరికినచోట రెండై మొలుస్తుంది. జాజా యునియా దగ్గర ఆ నేలకు వేరే కాగితం లేదు. ఆమె కాగితం ఆ ఆకులే.

కతెరెగ్గ స్తంభానికి ఆనుకుని, కర్రతో అటు చూపించాడు.

"అన్నిటికన్నా ముందు ఆ తుప్పలు పీకించు సలొంగో."

తుప్పలు! నట్టెంబో చేతిలో పెన్సిలు విరిగింది. ఆ మాట వెనక ఏముందో ఆమెకు పగటి వెలుతురులా కనిపించింది. ఇవాళ తుప్పలు పోతాయి. నెలకల్లా అక్కడ చదునైన నేల ఉంటుంది. ఏడాదికల్లా ఆ నేలకు అవతల ఒక గోడ లేస్తుంది. గోడ లేచాక, ఇంతకీ నీ దగ్గర ఏం ఆధారం ఉందమ్మా అని ఆ ముసలావిడనే నిలదీస్తారు. తాళం పగలగొట్టినవాణ్ని దొంగ అంటారు. తోట వేయించినవాణ్ని సంస్కారవంతుడు అంటారు. ఆ రెండో దొంగతనానికి శిక్ష లేదు, పైగా పచ్చిక ఉంటుంది.

ఆమె జింబె వైపు చూసింది. ఇక పేలుతుంది. ఓచెన్ ముందుజాగ్రత్తగా పూలకుండీలు రెండు దూరం జరిపాడు. కూలీలు పారలు దించి, చెవులు రిక్కించి నిలబడ్డారు.

"అలాగే అయ్యా" అన్నాడు జింబె.

ఎవరూ కదల్లేదు.

"తీయించేద్దాం. తుప్పలేగా. ఈ ఇంటి హోదాకి తగినవి కావు."

కతెరెగ్గకు కూడా నమ్మకం కుదరలేదు. "మరి నీకేదో కోపం పద్దు ఉంటుందట?"

"మీ మీదా? భలేవారే. మీకు ఆ పద్దు కొట్టేస్తున్నాను."

తిరిగి వస్తుంటే పికప్‌లో ఓచెన్ చెయ్యి చాపి జింబె నుదురు తాకి చూశాడు. "జ్వరమేమీ లేదు. మలేరియా లోపల ఉందేమో సలొంగో. ఆసుపత్రికి పోనిద్దామా?"

నట్టెంబో ఇల్లు చేరేదాకా కూడా ఆగలేకపోయింది. "మంచు కావాలన్న ఆవిడ మీద అరగంట అరిచారు. ఆవిడ చేసిన నేరం ఏమిటి? చలి కోరుకుంది! ఈయన ఒక ముసలావిడ కాళ్లకింద నేల కోరుకున్నాడు. ఈయనతో 'అలాగే అయ్యా' అన్నారు! పది శాతం కోపం అంతా ఫౌంటెన్లు అడిగేవాళ్ల మీదేనా? దొంగలకేమో రాయితీనా?"

"ప్లాను గియ్యి పిల్లా."

"గీస్తాను. మూడువైపులు గీస్తాను. తూర్పు అంచు గియ్యను. ఆ పాపం నా పెన్సిలుతో చెయ్యను. కావాలంటే మీరే గీసుకోండి."

"సరే. అది నేనే గీస్తా" అన్నాడాయన, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా. ఆ నెమ్మదికే ఆమెకు ఒళ్లు మండింది.

వారం తిరిగాక అంచనా, ప్లాను కాగితాలతో మళ్లీ కొండెక్కారు. జింబె ఒక రంగుల బొమ్మ తీసి కతెరెగ్గ ముందు పెట్టాడు. ముదురాకుపచ్చ ఆకు, మధ్యలో పసుపు చార. ఊపిరి తీసుకోకుండా చదివాడు: "డ్రసీనా ఫ్రాగ్రాన్స్ మసాంజియానా. పెద్ద హోటళ్ల వాకిళ్లలో చూసి ఉంటారు. కాని మీకెందుకు లెండి. తూర్పువైపు చవగ్గా మందారాలు వేసేద్దాం."

కతెరెగ్గ కుర్చీలో నిటారుగా అయ్యాడు. "నాకెందుకేమిటి? ఎంత?"

"వద్దులెండి."

"ఎంతంటే చెప్పవేం!"

"మొక్క అరవై వేలు. నలభై మొక్కలు పడతాయి."

"అదొక ధరా? అవే నాటించు. కాకపోతే ఇంకాస్త అవతలికి, ఆ అరటిపొద దాకా జరిపి వెయ్యి."

"వేయొచ్చు" అన్నాడు జింబె ఎంతో వినయంగా. "అక్కడ నేల పల్లం. ముప్ఫై లారీల మొరం పోయాలి. జారకుండా అడ్డుగోడ, దాని వెనక కాలువ. అన్నీ కలిపి నాలుగు కోట్లు. డిసెంబరుకు పూర్తవుతుందని మాత్రం మాట ఇవ్వలేను. మరీ అయితే పెళ్లివారు మొరం కుప్పల మీద కూర్చుంటారు."

కతెరెగ్గ కళ్లు మూసుకుని ఆ దృశ్యం చూసుకున్నాడు. "ఇప్పటికి ఆ తుప్పలున్న చోటే వెయ్యి. మిగతాది తరవాత చూసుకుందాం."

తరవాత ఏం చూసుకుంటాడో నట్టెంబోకు తెలుసు. ఆమె గోడకేసి చూస్తూ పళ్లు నూరుకుంది. ముసలావిడ హద్దు పీకించి, ఆ స్థలంలో అరవై వేల మొక్క అమ్ముకుంటున్నాడన్నమాట ఈ పెద్దమనిషి! కతెరెగ్గ ఆమె మొహం చూసి, ఈ బేరంలో తనదే పైచెయ్యి అని రూఢి చేసుకుని, బంగారు పాళీ కలంతో పేజీ పేజీకీ సంతకం చేశాడు. ఆఖరి పేజీలోని మొత్తం అంకె మీద నిమిషంసేపు దృష్టి నిలిపాడు. మిగతా పేజీల మీద కలం మాత్రమే నిలిచింది. చదవకుండా పెట్టిన సంతకం చదివి పెట్టిన సంతకమంత గట్టిగానే కట్టేస్తుందని ఆయన చిన్నా చితకా వర్తకులకు ఎన్నోసార్లు నేర్పాడు. తనకు మాత్రం ఎవరూ నేర్పలేదు.

అక్టోబరు వానలు పనితోపాటే మొదలయ్యాయి. ఒక వారంలో అయిదు రోజులు పార ముట్టుకునే వీలు లేకపోయింది. రేకుల పాక కింద కూలీలు కాల్చిన మొక్కజొన్న తింటూ కూర్చున్నారు. అందరూ నిశ్చింతగా ఉండటం చూసి నట్టెంబోకు ఆశ్చర్యమేసింది. నగరంలో ఏ కొండ మీదనైనా వాన పడిన రోజు కూలివాడికి సున్నా.

"మీకు దిగులు లేదా ఓచెన్? అయిదు రోజుల కూలి పోయిందిగా?"

"పోవడమేంటి? వాన కూలి వస్తుందిగా."

"ఎక్కడినుంచి?"

ఓచెన్ ఆమెను ఎగాదిగా చూశాడు. "నువ్వే కదమ్మా టైపు కొట్టేది! కోపం పద్దు. ఆ పది శాతం మా వాన రోజులకే. అందులోంచి సలొంగో ఒక్క షిల్లింగు తీసుకోడు."

నట్టెంబో ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చుంది.

"మొదట్లో 'వాన రోజుల కూలి – పది శాతం' అనే రాసేవాడు. ప్రతివాడూ ముందు ఆ గీతే కొట్టేసేవాడు. పని చెయ్యని రోజుకి డబ్బేంటనేవారు. ఒకరోజు ఒళ్లు మండి, ఆ పద్దు చెరిపి 'కోపం' అని రాశాడు. పడీ పడీ నవ్వి ఇచ్చేశారు. చుట్టాలకి కాగితం చూపించి మురిసిపోయారు కూడా. మా కడుపుకైతే ఇవ్వనన్నవాళ్లు ఆయన కోపానికి ఇచ్చారు."

"మరి పేరు మార్చేస్తే సరిపోతుందిగా? ఇంత అరవడం ఎందుకు?"

"డబ్బు పుచ్చుకున్నాక పని చెయ్యొద్దూ?" అన్నాడు ఓచెన్. "ఇంకో సంగతి. ఆయనతో పోట్లాడిన ఇంటాయనకి మమ్మల్ని తిట్టడానికి గొంతు మిగలదు."

వాన చూరు మీద దరువేస్తోంది. నట్టెంబోకు అప్పుడు తట్టింది. "మరి ఈసారి కోపం కొట్టేశాడుగా? ఈ కూలి ఎలా?"

"వారంనుంచి కిరాయి బోడా బైకు మీద వస్తున్నాడు, చూడలేదూ? పికప్ బామ్మర్ది దగ్గర తాకట్టు పెట్టాడు. రిపేరు అని చెబుతున్నాడు."

ఆమెకు సిగ్గూ కోపమూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. కూలివాడి అన్నంలో మట్టి కొట్టి, వెటకారానికి మాత్రం దోసిలితో పోసే ఈ పెద్దమనుషుల మీద కోపం. రెండేళ్లుగా ఆ పద్దును పిడికిలితో కొట్టినందుకు సిగ్గు. అయినా ఒక ప్రశ్న మిగిలింది. కూలీల విషయంలో ఇంత దయ ఉన్నవాడు ముసలావిడ విషయంలో ఎందుకింత పిరికివాడయ్యాడు?

లువాన్యి పీకే రోజున ఆమె తెల్లవారకముందే వెళ్లింది, అవసరమైతే గుంటలో కూర్చుందామని. తీరా వెళ్లేసరికి అక్కడ జాజా యునియానే పెత్తనం చేస్తోంది. భర్త సమాధి చుట్టూ ఉన్న మొక్కలనుంచి కాండాలు నరికి ఓచెన్ చేతికి అందిస్తోంది. ముదురాకుపచ్చ ఆకు, మధ్యలో పసుపు చార.

"అదే గుంటలో పెట్టరా. జానెడు కూడా జరక్కూడదు. సలొంగో, ఆ మొక్క వంకరగా ఉంది. నీలాగే!"

జింబె వంగి దాన్ని సరిచేశాడు. ఒక పాత మొక్క లేవగానే అదే గుంటలో కొత్తది దిగుతోంది. ఏ గుంటా గుక్కెడు టీ తాగేంతసేపు కూడా ఖాళీగా లేదు. పీకిన పాత కాండాలను ముసలావిడ తన నేలలోనే రెండో వరసగా పాతిస్తోంది.

"ఇదీ లువాన్యేనా జాజా?" అంది నట్టెంబో తెల్లబోయి.

"మరేమనుకున్నావు? చారలున్నంత మాత్రాన కులం మారుతుందా? మా ఆయన తెల్లదొరల తోటలో పనిచేసేవాడు. ఒక కొమ్మ చొక్కాలో దాచుకొచ్చాడు. జన్మకల్లా ఆయన చేసిన దొంగతనం అదొక్కటే. ఇన్నేళ్లకి మొక్కకి అరవై వేలు చొప్పున దిగుమతి చేసుకుంటున్నాడు నా పొరుగాయన, నా పెరట్లోంచి!" ముసలావిడ నవ్వు ఆపుకోలేక కత్తి పక్కన పెట్టింది.

నట్టెంబో ప్లాను లాక్కుని తూర్పు అంచు చూసింది. జింబె కోడిగీతల్లో రాసి ఉంది: "ఈ వరస జాజా యునియా నేలకు హద్దు. ఆమె దగ్గర అరవై వేల చొప్పున కొన్న మొక్కలతో, పాత గుంటల్లోనే, ఇరువైపుల సమ్మతితో నాటవలెను." కింద కతెరెగ్గ బంగారు కలం సంతకం. పక్కన ముసలావిడ వేలిముద్ర. వాటి మధ్య, లారీలు వెళ్లడానికి అనుమతి అడిగినప్పుడు వేయించుకున్న బస్తీ ఛైర్మన్ ఊదారంగు ముద్ర. అరవయ్యేళ్లుగా ఆకుల మీద మాత్రమే ఉన్న హక్కు మొట్టమొదటిసారి కాగితం మీదికి వచ్చి కూర్చుంది. అది కూడా దాన్ని తుడిచెయ్యాలనుకున్నవాడి ఖర్చుతో.

మూడుసార్లు చదివి ఆమె తలెత్తింది. "నాకు ముందే చెప్పొచ్చుగా సలొంగో!"

"చెబితే నీ మొహం వికసించేది. నీ మొహం చూసి ఆయన కాగితం చదివేవాడు. నువ్వు ఆ గోడకేసి చూసిన చూపు ఉందే, దానివల్లే ఆయన నిశ్చింతగా సంతకం పెట్టాడు."

"మీకు ఆ రోజు కోపం రాలేదా?"

జింబె గుంటలో మట్టి పాదంతో అదిమాడు. "అంత కోపం నాకు జన్మలో రాలేదు పిల్లా. అందుకే అరవలేదు. అరిస్తే ఆయన జాగ్రత్తపడేవాడు."

క్వాంజులా నాడు బుజిగా కొండంతా మగవాళ్ల తెల్లటి కాంజూ అంగీలతో, ఆడవాళ్ల రంగురంగుల గొమెసీ గౌన్లతో నిండిపోయింది. పచ్చిక బాగుంది, కాలువ బాగుంది, స్తంభాలు ఎప్పటిలాగే ఉన్నాయి. పెళ్లికొడుకు తరపున మాట్లాడవలసిన పెద్దాయన మైకు పట్టుకుని, కానుకల సంగతి ఎత్తబోతూ తూర్పు వైపు చూసి ఆగిపోయాడు.

"అయ్యలారా, అమ్మలారా! ఈ కొండ మీద గోడలు చూశాం. ఇనుపముళ్లు చూశాం. పొరుగువాళ్ల హద్దును ఇలా పసుపు చారల లువాన్యితో గౌరవించిన ఇంటిని నేను ఇవాళే చూస్తున్నాను. పక్కనేలావిడకి ఇంత విలువ ఇచ్చిన ఇల్లు మా పిల్లవాడికి అన్యాయం చేస్తుందా? ఆ పొరుగావిడ ఎక్కడ? మేము చూడాలి!"

మూడు వందలమంది చప్పట్లు కొట్టారు. జాజా యునియా గొమెసీ కుచ్చిళ్లు సర్దుకుంటూ లేచింది. ఆమెను తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. లువాన్యి అన్న మాట మైకులో విన్నప్పుడే కతెరెగ్గకు సంగతంతా అర్థమైంది. కాని ఏం చేస్తాడు? మొహం మీద చిరునవ్వు మేకు కొట్టి బిగించినట్టు పెట్టుకుని, సాయంత్రం దాకా పొగడ్తలు అందుకున్నాడు. ఇక ఆ వరస మీద చెయ్యి వెయ్యాలంటే ముందు తన కూతురి అత్తవారికి జవాబు చెప్పుకోవాలి.

ఆ తరవాతి మంగళవారం నాడు ఆయన కారు జింబె ఆఫీసు ముందు సర్రున ఆగింది. ఆఫీసు అంటే రోడ్డు పక్కన ఒక ఇనుప కంటెయినరు. బయట కుండపోత. కూలీలు లోపలే మూల నక్కి ఉన్నారు. కతెరెగ్గ తడిసిన బూట్లతో లోపలికొచ్చి బల్ల మీద గుద్దాడు.

"నువ్వు నాకు..." అని మొదలుపెట్టి, ఏమనాలో తెలియక ఆగాడు. మొక్కలు మొక్కలే. ధర తాను అడిగి మరీ ఒప్పుకున్నదే. సంతకం తనదే. చప్పట్లు కూడా తనకే కొట్టారు. కోర్టుకు వెళ్లి, నా చేత మంచిపని చేయించాడని ఫిర్యాదు చెయ్యాలా?

ఆయన రొప్పుతూ అడిగాడు: "నీ కోపానికి ఎంత?"

"పది శాతం."

కతెరెగ్గ సంచీలోంచి కట్టలు తీసి బల్ల మీద పడేశాడు. "ఇదిగో పది శాతం. ఇది నా కోపానికి. నువ్వు నోరెత్తకుండా విను."

ఆ పైన నలభై నిమిషాలు ఏకధాటిగా అరిచాడు. జింబె చేతులు కట్టుకుని, బుద్ధిగా తలాడిస్తూ విన్నాడు. ఒకచోట మాత్రం, "ఆ మాట ఇంకాస్త గట్టిగా అనండయ్యా, డబ్బు కట్టారు" అన్నాడు. ఓచెన్ వేళ్ల మీద వాన రోజులు లెక్కపెట్టుకుంటూ, వీలైనంతసేపు అరవనివ్వండన్నట్టు అందరికీ సైగ చేశాడు. నట్టెంబో రసీదు రాసింది: "కోపం – పది శాతం. పూర్తిగా ముట్టినది." ఈసారి ఒక్కొక్క అక్షరమూ ముత్యంలా రాసింది.

చివరికి కతెరెగ్గ గొంతు బొంగురుపోయింది. ఓచెన్ టీ ఇచ్చాడు. ఆయన తాగాడు. రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, కొంచెం ఇబ్బందిగా అడిగాడు.

"ఆ మొక్కలకి ఎన్నాళ్లకోసారి నీళ్లు పొయ్యాలి?"

"పొయ్యకపోయినా ఫర్లేదయ్యా. అవి చావవు."

"ఊఁ." ఆయన ఇంకా కదల్లేదు. "ఆ ముసలావిడ నిన్న మా ఇంటికి అరటిగెల పంపింది. పెద్ద గెల. దాన్నేం చెయ్యమంటావు?"

జింబె మెడనరాలు ఒక్కసారిగా ఉబ్బాయి. మూడు నెలలుగా వినిపించని ఆ గొంతు కంటెయినరు నాలుగు గోడలకూ తగిలి మోగింది.

"తినాలయ్యా! వండించుకుని తినాలి! తిని, నడిచి వెళ్లి, బాగుందమ్మా అని ఆవిడ మొహం మీద చెప్పాలి! ఇదీ నేనే ప్లాను గీసివ్వాలా?"

వీధి చివర కుక్కలు లేచి నిలబడ్డాయి. మూలనున్న కూలీలు హమ్మయ్య అని ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. కతెరెగ్గ బిక్కమొహంతో జేబులోకి చెయ్యి పెట్టబోయాడు.

"ఉంచండి. ఇది ఉచితం" అన్నాడు జింబె.